మూడో లాంతరు

టైలరుగారి కోడలు ఇంట్లో పెట్టిన నియమాలు పెద్దగా ఏమీ లేవు. ఉన్నవాటిలో ముఖ్యమైనది ఓడ గది తలుపు గురించి. పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ ఆ తలుపుకి పై గడియ పడి ఉండాలి. ఈ మాట ఆమె ఒక్కసారే చెప్పింది. లెక్కల టీచరు కదా, చెప్పిందే మళ్లీ చెప్పడం ఆమెకి ఇష్టం ఉండదు. ఆయన కూడా ఏడాదిగా ఆ మాట జవదాటలేదు.

పిల్లకి ఏడాదిన్నర. దానికి మంచి పేరే పెట్టారుగానీ ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. నడక వచ్చిన వారానికే వంటింటి డబ్బాలన్నీ నేలమీదకి దించేసిందని వాళ్ల నాన్న పిడుగు అన్నాడు, ఆ పేరే ఉండిపోయింది.

ఇక ఓడ సంగతి. టైలరు నలభై రెండేళ్లు కోట్లూ ప్యాంట్లూ కుట్టిన మనిషి. కొట్టు మూసేసిన ఏడాదే భార్య పోయింది. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర ఊరుకోదని ఆయనకి తెలుసు. ఓడల్లో వడ్రంగం చేసి రిటైరైన పాత ఖాతాదారు ఒకాయన, చివరి కోటు కుట్టినప్పుడు ఇచ్చిన బొమ్మ ఓడ నక్షా ఒకటి బీరువాలో పడి ఉంది. దాన్ని తీసి నేలమీద పరిచాడు. అంతే, రెండేళ్ల మూడు నెలలు అందులోనే మునిగిపోయాడు. ముందు వెన్నుకర్ర, దానికి రెండువైపులా పక్కటెముకలు, వాటిమీద పెన్సిల్ మందం కూడా లేని చెక్కబద్దలు. ఒక్కో బద్దనీ వేడినీళ్లలో నానబెట్టి, మెల్లగా వంచి, బట్టలారేసే క్లిప్పులతో బిగించి, ఆరాక అతికించేవాడు. మొదట్లో పదింటికి నాలుగు విరిగేవి. తెరచాపల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన్ని పట్టేవాళ్లు లేకపోయారు. కోటు లోపల వేసే మెత్తటి గుడ్డని టీ నీళ్లలో ముంచి పాతరంగు తెప్పించాడు. అంగుళానికి ఇరవై కుట్లు, అన్నీ చేత్తోనే. దారాలకి మైనం రాసి తాళ్లు చేశాడు. కందిగింజంత కప్పీలు చెక్కి, వాటిలోంచి ఆ తాళ్లు లాగాడు.

"అంతా బాగుంది నాన్నా, సముద్రం ఎప్పుడు కుడతావు?" అనేవాడు కొడుకు. వాడు లిఫ్టుల మెకానిక్కు. ఓడ వెనకభాగాన మూడు లాంతర్లు నిజంగా వెలగాలని తండ్రి ముచ్చటపడితే ఆవగింజంత బల్బులూ, వెంట్రుకలాంటి తీగలూ వాడే తెచ్చిచ్చాడు. ఒక్కో లాంతరు కింద ఒక్కో బిళ్ల బ్యాటరీ. సరిగ్గా కోటు గుండీ అంత ఉంటుంది, పల్చగా, తళతళలాడుతూ.

ఆ రోజు పిల్లల్ని చూసుకునే బడికి సెలవు. నీళ్ల ట్యాంకు పగిలిందట. కోడలికి స్కూల్లో పరీక్షలు, కొడుకు ఎక్కడో పన్నెండంతస్తుల మేడలో లిఫ్టు గొయ్యిలో ఉన్నాడు. "మధ్యాహ్నం రెండింటికల్లా వచ్చేస్తాను మామయ్యా. పదింటికి పడుకుంటుంది, పన్నెండుదాకా లేవదు" అని చెప్పి కోడలు వెళ్లింది.

కోడలు అన్నట్టే పిడుగు పదింటికి పడుకుంది. టైలరు ఓడ గదిలోకి వెళ్లి, అలవాటుగా చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బల్లమీద పని ఆయనకి చేతకాదు. సామానంతా ముందున్న పొట్టి పీటమీదే. కత్తెరతో బ్యాటరీల అట్ట కోసి మూడు బిళ్లలు బయటికి తీశాడు. ఒకటి అమర్చాడు, లాంతరు వెలిగింది. రెండోదీ వెలిగింది. ఆ పసుపు వెలుగు చూసి కాసేపు అలాగే ఉండిపోయాడు. మూడోది చేతిలోకి తీసుకోబోతుంటే వీధి గంట మోగింది.

కొరియర్ మనిషి. కొడుక్కి ఏదో పార్సిల్. సంతకం పెట్టమన్నాడు, కళ్లజోడు లోపల ఉంది, దానికోసం తిరిగాడు, పెన్ను రాయలేదు. మొత్తం ఐదు నిమిషాలు. గడియారం పది ముప్ఫై ఐదు చూపిస్తోంది. వెనక్కి తిరిగేసరికి పడకగది తలుపు తెరిచి ఉంది.

పిడుగు ఓడ గదిలో పీట పక్కన నిలబడి ఉంది. చేతిలో తెరచాప గుడ్డముక్క. తాతని చూసి నవ్వింది.

టైలరు చూపు ముందుగా ఓడ మీదికే పోయింది. తెరచాప కొయ్యలు మూడూ నిలబడే ఉన్నాయి, తాళ్లు తెగలేదు. అమ్మయ్య అనుకున్నాడు. ఆ తర్వాతే పిల్లని ఎత్తుకున్నాడు. ఈ వరస ఆయన తర్వాత ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినవన్నీ చెప్పాడు, ఇది మాత్రం చెప్పలేకపోయాడు.

పిల్లని చంకనేసుకుని పీట సర్దబోతే మూడో బిళ్ల కనిపించలేదు.

దొర్లి ఉంటుందిలే అనుకున్నాడు. పిల్లని ఉయ్యాల కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, చాప ఎత్తి దులిపాడు. పీట తిరగేశాడు. నలభై రెండేళ్ల కొట్టులో సూది కింద పడితే చప్పుడుబట్టి ఎక్కడ పడిందో చెప్పగలిగినవాడు. ఆయన కొట్టుకి వచ్చిన ఏ బిడ్డ కాలికీ ఏనాడూ సూది గుచ్చుకోలేదు. మోకాళ్లమీద పాకుతూ అయస్కాంతంతో నేలంతా తడిమాడు. రెండు గుండుసూదులు, ఒక పిన్నీసు దొరికాయి. బిళ్ల లేదు.

పిడుగు ఒకసారి దగ్గింది. ఆయన తలెత్తి చూశాడు. ఆడుకుంటూనే ఉంది. ఏమీ లేదులే అనుకుని బీరువా కింద చీపురుపుల్ల పెట్టి లాగాడు. ఓడ లోపల పడిందేమోనని టార్చి వేసి చూశాడు. తన జేబులు చూసుకున్నాడు. చూసిన చోటే మళ్లీ చూశాడు. చేతులు వెతుకుతూనే ఉన్నాయి. వెతుకుతున్నంతసేపూ అది నేలమీదే ఎక్కడో ఉన్నట్టు. వెతకడం ఆపితే ఇక ఉండే చోటు ఒక్కటే.

అరటిపండు ముక్క తెచ్చి పిల్ల నోటికి అందించాడు. రోజూ లాక్కుని తినే పిల్ల, మొహం తిప్పేసుకుంది. గడ్డం మీద చొంగ కారుతోంది. తుడిస్తే మళ్లీ కారింది. మింగబోయి మొహం చిట్లించింది.

అప్పుడు బ్యాటరీల అట్ట వెనక్కి తిప్పాడు. పసిపిల్ల బొమ్మ, నోటి దగ్గర బిళ్ల, వాటిమీద అడ్డంగా ఎర్రగీత. కింద సన్నటి అక్షరాలు. కళ్లజోడు సరిచేసుకుని చదివాడు. మింగితే రెండు గంటల్లో లోపల తీవ్రంగా కాలిపోవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

గడియారం చూశాడు. పదకొండుంపావు. నలభై నిమిషాలు నేలమీద పాకాడన్నమాట.

కింది వాటాలో ఉండేది స్కూలు బస్సు డ్రైవరు. మెల్లగా మాట్లాడటం చేతకాదని వీధంతా అతన్ని హారన్ అంటారు. పొద్దుటి ట్రిప్పు అయిపోయి, బస్సు ఇంటిముందు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. మెట్లమీంచి పిల్లనెత్తుకుని దిగుతున్న టైలరు మొహం చూడగానే పేపరు పడేసి లేచాడు.

"ఏమైంది పెద్దాయనా?"

"బ్యాటరీ... బిళ్ల... మింగిందేమో బాబూ."

హారన్ మారుమాట అడగలేదు. ఆసుపత్రికి ఫోన్ కలిపాడు. అవతల నర్సు అడిగిందల్లా అతను పైకే అన్నాడు. "ఏడాది దాటిందా అంటున్నారు... దాటిందండీ. ఎంతసేపైందని అడుగుతున్నారు, పెద్దాయనా."

టైలరు పిల్ల గడ్డం తుడిచాడు. "ఇప్పుడే" అన్నాడు.

ఒక్క మాట. ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. నలభై నిమిషాలు ఏం చేస్తున్నావని ఎవరో అడిగినట్టూ, ఆ అడిగే గొంతు కోడలిదే అయినట్టూ అనిపించింది.

"ఇప్పుడేనంటండీ" అన్నాడు హారన్ ఫోన్లో. తర్వాత ఇంట్లోకి కేకేసి తేనెసీసా తెప్పించాడు. "పది నిమిషాలకోసారి రెండు చెమ్చాలు పట్టాలంట, అది మంటని కాస్త ఆపుతుందంట. వేరే ఏదీ పెట్టకూడదు. ఎక్కండి."

నలభై సీట్ల ఖాళీ బస్సు. టైలరు డ్రైవరు వెనక సీట్లో పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా తేనె పిల్ల గౌనుమీదా, ఆయన చొక్కామీదా ఒలికింది. పిడుగు ఏడుస్తోంది, ఆ ఏడుపులో జీర వచ్చింది. ఏడుపు ఆపినప్పుడు ఆయనకి ఇంకా భయమేసింది. హారన్ తన పేరుకి తగ్గట్టు దారంతా హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఎర్రదీపం దగ్గర ఆగాల్సి వస్తే కిటికీలోంచి తల బయటపెట్టి, "పసిబిడ్డండీ, జరగండి" అని అరిచాడు. జనం జరిగారు.

పదకొండూ నలభైకి ఆసుపత్రి. పిల్లని వెంటనే లోపలికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీశారు. అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, మాట నెమ్మది. ఫోటోని వెలుగుకి పెట్టి చూపించింది. పిల్ల మెడకి కింద, ఛాతీ పైభాగంలో, గుండ్రంగా తెల్లటి బిళ్ల.

"నాణెమైతే అంచు ఒకటే గీతగా ఉంటుంది. దీనికి రెండున్నాయి చూడండి. బ్యాటరీయే. ఆహారనాళంలో ఇరుక్కుంది. అక్కడి తడి తగిలి కాలుస్తూ ఉంటుంది. రెండు గంటల్లోపు తీసేస్తే చాలావరకు గండం గడిచినట్టే. మింగి ఎంతసేపైంది?"

నర్సు కాగితం మీద పెన్ను పెట్టి ఎదురుచూస్తోంది.

"పదకొండుంపావుకి" అన్నాడు టైలరు.

"అయితే టైం ఉంది. మత్తు డాక్టరుగారు పైన వేరే ఆపరేషన్‌లో ఉన్నారు. ముప్పావుగంటలో, పన్నెండూ ముప్పావుకల్లా వస్తారు. రాగానే తీసుకెళ్తాం" అంది డాక్టరమ్మ.

టైలరు బయట బెంచీమీద కూర్చున్నాడు. హారన్ కొడుక్కీ కోడలికీ ఫోన్లు చేస్తున్నాడు. ఆ గొంతు వరండా అంతా వినిపిస్తోంది. "ఏం కాదమ్మా, డాక్టర్లు చూస్తున్నారు, మీరు కంగారుపడకండి" అని అతను అరుస్తుంటే ఎవరికైనా కంగారు పుడుతుంది.

పదీ ముప్ఫై ఐదుకి రెండు గంటలు కలిపితే పన్నెండూ ముప్ఫై ఐదు. మత్తు డాక్టరు వచ్చేది పన్నెండూ ముప్పావుకి. ఈ లెక్కకి కోడలక్కర్లేదు. ఆయన వేళ్లమీదే తేలిపోయింది.

లేవాలనుకున్నాడు. లేస్తే నిజం చెప్పాలి. చెబితే నర్సు ఆ కాగితం మీద కొట్టేసి రాస్తుంది. కోడలు వచ్చి ఆ కాగితం చూస్తుంది. తలుపు గడియ తీసి వదిలేసినవాడు, నలభై నిమిషాలు దాచినవాడు, ఆపైన డాక్టరుకి అబద్ధం చెప్పినవాడు. అన్నీ తనే. ఇక ఆ ఇంట్లో ఎవరి మొహం చూడగలడు? అదీగాక పదినిమిషాల తేడాకి ఏమైపోతుందిలే అని లోపల ఒక గొంతు బుజ్జగించింది. ఆ గొంతుని ఆయన గుర్తుపట్టాడు. పొద్దున బీరువా కింద పుల్ల పెట్టించిన గొంతే అది.

తలుపవతల పిల్ల మూలిగింది.

ఆయన లేచి తోసుకుంటూ లోపలికి వెళ్లాడు. నర్సు ఆపబోయింది.

"డాక్టరుగారూ, నేను అబద్ధం చెప్పాను" అన్నాడు. "పదకొండుంపావుకి కాదు. పదీ ముప్ఫై ఐదుకి. నేల మీద వెతుకుతూ కూర్చున్నాను. భయమేసి చెప్పలేదు."

డాక్టరమ్మ ఆయన్ని ఒక్క క్షణం చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకి అనిపించింది. ఫోన్ తీసి, "గంటన్నర కావస్తోంది. పైన కేసు ఇంకొకరికి అప్పజెప్పి ఇప్పుడే దిగమనండి. ఇక్కడ ఏర్పాట్లు చేసేస్తున్నాం" అంది. పన్నెండూ పదికి పిల్ల మంచం చక్రాలమీద కదిలిపోయింది.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు టైలరు ఏం చేశాడో ఆయనకి గుర్తులేదు. చొక్కామీద తేనె గట్టిపడి, చెయ్యి ఛాతీకి అంటుకుపోయిందని మాత్రం గుర్తు.

కొడుకూ కోడలూ ఒకరి వెనక ఒకరు వచ్చేసరికి బిళ్ల బయటికి వచ్చేసింది. డాక్టరమ్మ ఒక చిన్న సీసాలో పెట్టి చూపించింది. పొద్దున తళతళలాడిన బిళ్లకి ఒకవైపు నల్లగా మసి. "ఆహారనాళం గోడ కాలింది. రంధ్రం మాత్రం పడలేదు. కొన్ని రోజులు గొట్టంతో పాలు పట్టాలి. అసలు జాగ్రత్త ఇంటికెళ్లాక. కాలిన చోట మూడు వారాలదాకా ఎప్పుడైనా రక్తం రావచ్చు. వాంతిలోగానీ, నోట్లోగానీ ఎరుపు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకూడదు" అంది. ఆగి, "మీ మామగారు టైం సరిచేసి చెప్పబట్టి తొందరపడ్డాం" అంది.

కోడలు ఆయనవైపు తిరిగింది. "సరిచేసి అంటే?"

టైలరు మొత్తం చెప్పాడు. తలుపు, కొరియరు, వెతుకులాట, ఫోన్లో అన్న మాట, డాక్టరుకి చెప్పిన మాట. కొడుకు "నాన్నా" అని ఆగిపోయాడు. కోడలు పిల్ల గదిలోకి వెళ్లిపోయింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ ఆరు రోజులూ ఆమె మామగారితో మాట్లాడలేదు. కాఫీ మాత్రం అందించేది, మొహం చూడకుండా.

ఇంటికొచ్చాక ఓడ అటక మీద కనిపించింది, దుప్పటి కప్పి. కొడుకు పెట్టాడు. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. టైలరు ఒకరోజు నిచ్చెనెక్కి, మిగిలిన రెండు బ్యాటరీలూ ఊడదీసి, టేపు చుట్టి ఎలక్ట్రికల్ కొట్టువాడికి ఇచ్చేసి వచ్చాడు.

భయం అప్పటికిగానీ అసలు మొదలవ్వలేదు. ఆసుపత్రిలో నర్సులుండేవాళ్లు, మిషన్లు కూసేవి. ఇంట్లో ఉన్నది పిల్ల ఒక్కతే. అది దగ్గితే ముగ్గురూ చేతిలో పని వదిలేసేవాళ్లు. మెత్తటి జావ ఒక్కో చెమ్చా మింగుతుంటే ముగ్గురి గొంతులూ కదిలేవి. ఎర్ర క్రేయాన్లు, ఎర్ర చొక్కా, ఎర్ర మూత ఉన్న డబ్బా అన్నీ కోడలు ఇంట్లోంచి తీసేసింది. ఎరుపు కనిపిస్తే అది రక్తమే అయ్యుండాలని. టైలరు పిల్లని ఎత్తుకోవడం మానేశాడు. దూరంగా కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండేవాడు. పిడుగు చేతులు చాస్తే, "మీ అమ్మ దగ్గరికెళ్లు తల్లీ" అనేవాడు.

పన్నెండో రోజు పొద్దున పదింటికి, కోడలు వంటింట్లో ఉంది. కొడుకు పనికెళ్లాడు. పిడుగు ఆడుకుంటూ ఆడుకుంటూ వచ్చి తాత మోకాలికి తల ఆనించింది. తల ఎత్తేసరికి ఆయన తెల్ల పంచెమీద ఎర్రటి మరక. పిల్ల పెదాలమీదా, గడ్డంమీదా రక్తం.

ఆయన ఏమీ వెతకలేదు. నోరు తెరిచి చూడలేదు. పిల్లని రెండు చేతులా ఎత్తి, "అమ్మాయ్, రా" అని ఒక్క కేక పెట్టి, చెప్పుల్లేని కాళ్లతో మెట్లు దిగాడు. కోడలు స్టవ్వు ఆపి వెనకే పరిగెత్తింది. బస్సు లేదు, హారన్ పిల్లల్ని ఎక్కడికో యాత్రకి తీసుకెళ్లాడు. టైలరు రోడ్డుకి అడ్డంగా నిలబడి, వస్తున్న కారుని ఆపాడు. కారాయన ఏదో తిట్టబోయి, రక్తం చూసి తలుపు తెరిచాడు.

దారిలో కోడలు పిల్లని గుండెకి హత్తుకుని కళ్లు మూసుకుంది. ఇంకో చేత్తో మామగారి ముంజేయి పట్టుకుంది. ఆయన ముంజేతిమీద ఆమె గోళ్లు దిగాయి. ఆయన కారులోని గడియారం చూసి, పదీ ఎనిమిది అని మనసులో రాసుకున్నాడు.

"పదీ ఎనిమిదికి చూశానండీ" అన్నాడు లోపలికి అడుగుపెడుతూనే. ఎవరూ అడగకముందే.

అదే డాక్టరమ్మ. పిల్ల నోట్లో దీపం వేసి చూసింది. చాలాసేపు చూసింది. గొట్టం పెట్టి గొంతుకూడా చూసింది. ఆ చూసినంతసేపూ టైలరు తలుపు దగ్గర గోడకి ఆనుకుని ఉన్నాడు. కాళ్లకింద నేల చల్లగా ఉంది. ఎక్కడో రాయి గుచ్చుకుని అరికాల్లోంచి రక్తం కారుతోంది, అదీ ఆయన చూసుకోలేదు.

"దవడపన్ను వస్తోంది" అంది డాక్టరమ్మ చివరికి. "ఏదో గట్టిది కొరికినట్టుంది, చిగురు తెగింది. గొంతులో ఏమీ లేదు. కాలినచోటు మానుతోంది, బాగా మానుతోంది."

కోడలు అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. ఆసుపత్రిలో ఆరు రోజులూ ఆమె కంట నీరు పెట్టలేదు. పిడుగు వింతగా చూసి, తల్లి బుగ్గ మీద అరచేత్తో కొట్టింది.

బయట వరండాలో నర్సు టైలరు పాదానికి కట్టు కడుతుంటే కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"చెప్పులేసుకునే టైం కూడా లేదా మామయ్యా" అంది. పన్నెండు రోజుల తర్వాత అదే మొదటి మాట.

ఆయన కట్టు కడుతున్న పాదంవైపు చూసుకున్నాడు.

"నాకు మీమీద కోపం పోలేదు" అంది మళ్లీ. "పోతుందని కూడా చెప్పను. రోజూ ఆ నలభై నిమిషాలు లెక్కవేస్తూనే ఉంటాను. కానీ ఒకటి ఆలోచిస్తున్నాను. ఆ రోజు నేనుండి ఉంటే, బిళ్ల ఎక్కడో దొర్లి ఉంటుందని నేనూ ముందు కింద వెతికేదాన్నేమో. తెలీదు." పిల్లని ఒళ్లో సర్దుకుంది. "సోమవారం నుంచి నేను స్కూలుకి వెళ్లాలి. పిల్ల మధ్యాహ్నం మీ దగ్గరుంటుంది."

"వద్దమ్మా" అన్నాడు టైలరు. "నాకు భయంగా ఉంది. దాన్ని ముట్టుకోవాలంటేనే చేతులు రావట్లేదు."

"నాకూ భయమే. భయంలేని మనిషి దగ్గర ఇక దాన్ని వదల్లేను."

పిడుగు ఆమె ఒళ్లోంచి జారి, కట్టు కట్టిన పాదాన్ని వంగి చూసింది. తర్వాత తాతవైపు చేతులు చాచింది. ఆయన కోడలివైపు చూశాడు. ఆమె వేరేవైపు చూస్తోంది. ఆయన మెల్లగా పిల్లని ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాక దాని నోట్లోకి ఒకసారి చూశాడు. మళ్లీ ఒకసారి చూశాడు.